తలకు కట్టుకునే టార్చి: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో 14 ఏళ్లుగా ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఫాల్స్ సీలింగ్ లోపల, మీటర్ రూముల్లో, మెయిన్ ఆపేసిన ఫ్లాట్లలో రోజూ తిరుగుతాను. ఒకప్పుడు టార్చి నోట్లో కరుచుకుని డీబీ (ఇంటికంతా కరెంటు పంచే డబ్బా) విప్పేవాళ్లం. ఇప్పుడు హెడ్‌ల్యాంప్ లేకుండా ఇల్లు కదలను. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి కొత్తగా పనిలోకి వచ్చే కుర్రాళ్లు "అన్నా, ఏది కొనమంటావు?" అని అడుగుతుంటారు. వాళ్లు ఎక్కడో విని నా దగ్గరికి మోసుకొచ్చే మాటలే ఇవి.

అపోహ: లూమెన్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: మన పనంతా చెయ్యి అందే దూరంలోనే. అక్కడికి 100 నుంచి 200 లూమెన్లు చాలు. అంతకు మించితే ఆ వెలుగు తెల్లటి జిప్సం బోర్డు మీద పడి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. కంటిపాప ముడుచుకుపోయి, పక్కన నీడలో ఉన్న వైరు కనిపించదు. పైగా చిన్న ల్యాంపులు ఫుల్ మోడ్‌లో కాసేపటికే వేడెక్కి వెలుగు తగ్గించేసుకుంటాయి.

లూమెన్ అంటే ల్యాంపు వదిలే మొత్తం వెలుగు లెక్క. అది ఎలా పరుచుకుంటుందో ఆ అంకె చెప్పదు. జూమ్ లెన్సు ల్యాంపుతో డీబీ ముందు నిలబడి చూడండి, ఒక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) మెరిసిపోతుంటుంది, పక్కది చీకట్లో ఉంటుంది. వెడల్పుగా పరుచుకునే వెలుగున్నదే తీసుకోండి.

అపోహ: డబ్బా మీద 8 గంటలని ఉంటే 8 గంటలూ అదే వెలుగు.

వాస్తవం: టార్చిలకు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమే రన్‌టైమ్. 300 లూమెన్లతో మొదలైనది 30కి దిగేదాకా లెక్కలోకి వస్తుంది.

అపోహ: తెల్లగా, నీలంగా మెరిస్తేనే పవర్ ఉన్నట్టు.

వాస్తవం: దీని మీదే నాకు ఎక్కువ పట్టింపు. ఒకసారి ఒక ఫ్లాటులో గీజర్ మార్చుతున్నాం. మా కుర్రాడి తలకు నీలం మెరుపు ల్యాంపు. గీజర్ కేబుల్లో మూడు వైర్లు: బ్రౌన్ ఫేజ్ (కరెంటు వచ్చేది), నీలం న్యూట్రల్ (తిరిగి వెళ్లేది), పచ్చ-పసుపు ఎర్త్. ఆ వెలుగులో వాడికి బ్రౌన్ నల్లగా కనిపించింది. మన ఇళ్ల వైరింగులో నలుపు న్యూట్రల్, త్రీఫేజులో నీలం ఒక ఫేజ్. వాడు ఆ లెక్కనే బ్రౌన్‌ను న్యూట్రల్‌కు, నీలాన్ని ఫేజుకు కలిపేశాడు. గీజర్ మామూలుగానే వేడెక్కింది. నీళ్లు కాగి థర్మోస్టాట్ కట్ అయ్యాక టెస్టర్ పెడితే ఎలిమెంట్ టెర్మినల్ దగ్గర ఇంకా వెలుగుతోంది. ఫేజ్ తెగాల్సిన చోట న్యూట్రల్ తెగుతోంది, అంటే గీజర్ ఆగినా లోపల కరెంటు ఉన్నట్టే. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత సీఆర్ఐ. పూర్తి మార్కులు 100. మామూలు టార్చి ఎల్ఈడీలు చాలావరకు 70 దగ్గరే ఉంటాయి, ఎరుపు, బ్రౌన్ రంగులు వాటిలో బాగా నీరసపడతాయి. 90 దాటినది, 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుగు పసుపా, నీలమా చెప్పే లెక్క) మధ్య ఉన్నది వెతకండి. షాపులో బ్రౌన్, నలుపు, ఎరుపు వైరు ముక్కలు అరచేతిలో పెట్టుకుని ఆ ల్యాంపు వెలుగులోనే చూడండి. ఎంత మంచి ల్యాంపు కొన్నా టెస్టర్ పెట్టకుండా వైరు ముట్టుకోవద్దు.

అపోహ: 9900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జ్ లెక్క) సెల్లయితే వారం వస్తుంది.

వాస్తవం: బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సెల్లు చేతిలోకి తీసుకోగానే నేను ముందు బరువు చూస్తాను. ఈ ల్యాంపుల్లో ఎక్కువగా వచ్చే సెల్లు 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. అంత చోటులో మంచి కంపెనీ సెల్లు కూడా మామూలుగా 2500 నుంచి 3500 ఎంఏహెచ్ ఇస్తుంది. 9900 అన్నది సెల్లు పైతొడుగు మీద అచ్చేసిన అబద్ధం. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. చేతికి తేలిగ్గా తగిలితే పక్కన పెట్టేయండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు, ఐఎస్ 16046 అని ఉన్నాయేమో చూడండి. సెల్లు విడిగా తీసి మార్చుకునే ల్యాంపయితే ఇంకా మంచిది.

అపోహ: వెలుగు నిలకడగా కనిపిస్తే నిలకడగా ఉన్నట్టే.

వాస్తవం: చాలా ల్యాంపులు లో మోడ్‌లో వేగంగా వెలిగి ఆరుతూ వెలుగు తగ్గిస్తాయి. కంటికి తెలియదు. కానీ ఆ వెలుగులో తిరుగుతున్న గ్రైండరు బ్లేడో మోటారు ఫ్యానో ఆగిపోయినట్టు కనిపించవచ్చు. వేళ్లకు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఫోన్ కెమెరా ఆన్ చేసి ల్యాంపు వైపు పెట్టండి, నల్ల చారలు పాకుతుంటే తిరిగే మెషీన్ల దగ్గర అది వాడొద్దు.

అపోహ: టైప్-సి ఉంటే ఏ ఛార్జరైనా సరిపోతుంది.

వాస్తవం: చవక ల్యాంపుల్లో లోపల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు వేయరు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే ఛార్జ్ ఎక్కదు. ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో ఎక్కుతుంది. ల్యాంపు చెడిపోయిందని పారేసేముందు ఇది చూడండి.

అపోహ: పూర్తిగా దించేశాకే ఛార్జ్ పెట్టాలి.

వాస్తవం: అది పాత నికెల్-కాడ్మియం సెల్లుల సంగతి. లిథియం సెల్లుకు మధ్యలో పెట్టడమే మంచిది. బండి డిక్కీలో ఎండకు మాత్రం వదలొద్దు.

అపోహ: తలకు లైటుంటే ఎస్‌టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకులోకైనా దిగొచ్చు.

వాస్తవం: మన అపార్ట్‌మెంట్ల ఎస్‌టీపీ ట్యాంకుల్లో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ చేరతాయి. ఒకటి అంటుకుంటుంది, రెండోది అంటుకోవడమే కాదు, ఊపిరే ఆపేస్తుంది. మామూలు హెడ్‌ల్యాంపు స్విచ్చులో చిన్న నిప్పురవ్వ చాలు. ఐపీ67 అని రాసుంటే అది దుమ్ముకూ నీళ్లకూ, గ్యాసుకు కాదు. అలాంటి చోట్లకు గ్యాసులో వాడేందుకు ప్రత్యేకంగా సర్టిఫై చేసిన ల్యాంపులు వేరే ఉంటాయి. గ్యాస్ మీటరు, గాలి కొట్టే బ్లోయరు, పైన తాడు పట్టుకునే మనిషి లేకపోతే నేను దిగను, మా కుర్రాళ్లను దింపను. మేనేజరు ఎంత తొందరపెట్టినా సరే.