రాగి కలిసినంత మాత్రాన నగ నకిలీ కాదు: బంగారంపై అపోహలు - వాస్తవాలు

"గొలుసు నల్లబడింది, ఇది అసలు బంగారమేనా?" నగలు పరీక్షించే నా బల్ల దగ్గర తరచుగా వినిపించే ప్రశ్న ఇది. అడిగేవారి ముఖంలో ఆందోళన కనిపిస్తూనే ఉంటుంది. అప్పటికే ఎవరో "ఇందులో రాగి కలిసింది, మోసపోయారు" అని చెప్పి ఉంటారు. ఆ ఒక్క మాట నమ్మి మంచి నగను తుక్కు ధరకు వదిలేసుకున్నవారిని చూస్తే బాధ, ఆ మాట అన్నవారి మీద కోపం రెండూ కలుగుతాయి.

అపోహ: వేరే లోహం కలిస్తే కల్తీయే.

వాస్తవం: ముమ్మాటికీ కాదు. మేలిమి బంగారం చాలా మెత్తన. దానితో చేసిన ఉంగరం రోజూ పెట్టుకుంటే సొట్టలు పడుతుంది, వంగుతుంది. రాయిని పట్టి ఉంచే కొక్కేలు కొద్దికొద్దిగా తెరుచుకుంటాయి, ఒకనాడు రాయి ఎక్కడ జారిపోయిందో కూడా తెలియదు. అందుకే రాగి, వెండి, జింకు వంటివి లెక్క ప్రకారం కలుపుతారు. 22 కారెట్లంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. 18 అయితే 750, 14 అయితే 585. నగ మీద ముద్రించే అంకె ఇదే. 916 అని ముద్ర వేసి అంతకు తక్కువ ఇచ్చినప్పుడే దాన్ని కల్తీ అనాలి.

మరి నల్లబడటం? చెమట, అలంకరణ సామగ్రి, గాలిలోని గంధకపు వాయువులు తగిలి పైనున్న రాగి, వెండి రంగు మారతాయి. మెరుగు పెట్టిస్తే ఆ నలుపు పోతుంది. దాన్ని చూసి నగను అమ్ముకోనక్కర్లేదు.

ఒకావిడ తెల్ల బంగారపు ఉంగరం తెచ్చారు, అంటే నికెల్, పల్లేడియం వంటి తెల్లటి లోహాలు కలిపిన బంగారం. అంచుల్లో పసుపు రంగు తేలింది. పూత పోయి నకిలీ బయటపడిందని ఇంట్లో అందరూ తేల్చేశారట. పరీక్షిస్తే నిక్కమైన 18 కారెట్లు! చాలా తెల్ల బంగారపు నగలకు పైన రోడియం అనే తెల్లటి లోహపు పూత ఉంటుంది, వాడకంలో అది అరుగుతుంది, కింద బంగారపు లేత పసుపు కనిపిస్తుంది. మళ్లీ పూత వేయిస్తే సరిపోతుందని చెప్పగానే ఆవిడ ఉంగరాన్ని అక్కడికక్కడే వేలికి తొడుక్కున్నారు.

అమ్మేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. రాళ్లు లేని 10 గ్రాముల 18 కారెట్ల నగలో 7.5 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. నగను కరిగించి శుద్ధి చేస్తే అది తిరిగి వస్తుంది. శుద్ధి ఖర్చు తీసేస్తారు, అది న్యాయమే. "కలిసిన బంగారం, విలువ లేదు" అని ఎవరైనా అంటే నగ వెనక్కి తీసుకుని మరొకచోట పరీక్ష చేయించండి.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అసలు బంగారమే.

రాగి, వెండి, ఇత్తడి కూడా అంటుకోవు. కొరికి చూడటమూ అంతే, సీసం కూడా మెత్తనే. ఏ లోహం ఎంతుందో చూపే ఎక్స్‌రే యంత్రం మంచిదే కానీ పైపొరనే చదువుతుంది, మందమైన పూత దాన్ని ఏమార్చగలదు. గట్టి అనుమానం ఉంటే లోపలి నుంచి చిన్న తునక తీసి కరిగించి చేసే పరీక్షే తిరుగులేనిది.

అపోహ: దద్దుర్లు వస్తే బంగారం మంచిది కాదు.

చాలాసార్లు కారణం తెల్ల బంగారంలో కలిపే నికెల్. అలాంటివారు పల్లేడియం కలిపినది అడగండి.

దాచుకోవడానికైతే 24 కారెట్ల బిళ్ల కొనండి. రోజూ పెట్టుకునే రాళ్ల ఉంగరానికి 18 కారెట్లే నా సలహా. ఈత కొలనులోకి దిగేముందు మాత్రం దాన్ని తీసి పక్కన పెట్టండి, క్లోరిన్ నీరు కొక్కేలను, అతుకులను పెళుసుబారుస్తుంది. కొనేటప్పుడు బిల్లులో కారెట్లు, బంగారం బరువు, రాళ్ల బరువు వేర్వేరుగా రాయించుకోండి.