నర్సులకి ఫారిన్ ఉద్యోగాలు: అపోహలు, వాస్తవాలు (ముందు ఏజెంట్లు అడిగే లక్షల సంగతి చూద్దాం)

నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని, అంతకుముందు కొన్నేళ్ళు సౌదీలో మెడికల్ వార్డులో చేశాను. ఫైనలియర్ రిజల్ట్స్ వస్తే చాలు ఫోన్ ఆగదు, అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు, ఇచ్చెయ్యమంటారా?" చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే రాస్తున్నా.

అపోహ: లక్షలు కడితేనే ఉద్యోగం, ఎంత ఎక్కువ కడితే అంత గ్యారంటీ

ముందు ఒక్కటి ఆలోచించండి, అవసరం ఎవరిది? డబ్ల్యూహెచ్‌ఓ 2025 రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ఇంకా 58 లక్షల మంది నర్సులు తక్కువున్నారు. ధనిక దేశాల్లో ఉన్న నర్సుల్లో 23 శాతం మంది వేరే దేశంలో పుట్టినవాళ్ళే. అక్కడ ముసలివాళ్ళు పెరిగిపోయారు, ఉన్న నర్సులు రిటైరవుతున్నారు, కొత్తవాళ్ళు సరిపోవట్లేదు. కొరత వాళ్ళదైతే అప్పు మనింట్లో ఎందుకు పుట్టాలి?

రూల్ కూడా అదే చెప్తోంది. యూకే రిక్రూట్‌మెంట్ కోడ్ ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోకూడదు, హాస్పిటలే ఏజెన్సీకి కట్టుకుంటుంది. జర్మనీ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ ప్రోగ్రాంలో కూడా నర్సుకి ప్లేస్‌మెంట్ ఫీజు లేదు. ఇక మన దేశంలో ఎమిగ్రేషన్ రూల్స్ ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 35,400. అదీ రసీదు ఇచ్చి. అంతకు మించి ఏ పేరు చెప్పి అడిగినా, ప్రాసెసింగ్ అనండి, ఫైల్ మూవ్‌మెంట్ అనండి, అది చట్టవిరుద్ధం.

పరీక్షల ఫీజులు వేరే సంగతి. ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష), ప్రోమెట్రిక్ (గల్ఫ్ లైసెన్సు పరీక్ష), డేటాఫ్లో (సర్టిఫికెట్ల వెరిఫికేషన్), ఎన్‌ఎంసీ (యూకే నర్సింగ్ కౌన్సిల్) అప్లికేషన్, వీటికి ఖర్చుంటుంది, కొన్నిచోట్ల హాస్పిటలే తర్వాత తిరిగిస్తుంది. కానీ అవి మీ లాగిన్‌లో మీ కార్డుతో మీరే కట్టుకునేవి, మధ్యలో ఎవరి ఫోన్‌పేకీ పంపక్కర్లేదు.

ఇదేం కొత్త మోసం కాదు. 2015లో కొచ్చిలో కువైట్ నర్సుల రిక్రూట్‌మెంట్ మీద సీబీఐ కేసు పెట్టింది గుర్తుందా, 19,500 తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు వసూలు చేశారని. ఆ ఏడాదే గల్ఫ్‌తో సహా ఈసీఆర్ దేశాలకి (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని మన ప్రభుత్వం గుర్తించిన దేశాలకి) వెళ్ళే నర్సులకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేసి, రిక్రూట్‌మెంట్ ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా జరగాలన్నారు. కేరళకి నోర్కా రూట్స్, ఓడెపెక్ ఉన్నాయి, మనకీ తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. మా పిల్లల్లో సగం మంది ఈ పేర్లు వినలేదు, వీధి చివర కన్సల్టెన్సీ పేరు మాత్రం అందరికీ తెలుసు.

మొన్న ఒక పాత స్టూడెంట్ వాళ్ళ నాన్నగారు వచ్చారు, కోనసీమ నుంచి. సంచిలో యూకే ఆఫర్ లెటరూ, దాని కిందే గోల్డ్ లోన్‌కని తెచ్చిన నగలూ. లెటర్ పైన లోగో మసకమసకగా ఉంది, కింద జీమెయిల్ అడ్రస్, పోస్టు దగ్గర కేర్ అసిస్టెంట్, అంటే నర్సు కాదు, ముసలివాళ్ళనీ రోగుల్నీ చూసుకునే సహాయకురాలు. "ఇందులో నర్సు అని ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ వేలు పెట్టి వెతికారు. లేదు. "వెళ్ళాక అక్కడే నర్సుగా మార్చేస్తారన్నాడండి, ఇప్పుడు కట్టకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోద్దన్నాడండి" అన్నారు. అసలు ఇలాంటి పోస్టులకిచ్చే కేర్ వర్కర్ వీసాకి బయటి దేశాల నుంచి కొత్త అప్లికేషన్లు 2025 జూలై 22 నుంచి ఆపేశారు. లేని వీసాని ఆయనకి అమ్ముతున్నారన్నమాట! ఆ వీసా ఉన్నప్పుడు వెళ్ళినవాళ్ళలో కూడా కంపెనీకి విదేశీయుల్ని పనిలోకి తెచ్చుకునే స్పాన్సర్ లైసెన్సు పోయి, 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోమంటే అప్పుతో నడిరోడ్డు మీద పడ్డవాళ్ళున్నారు.

ఆయన్ని ఏమనగలం? కూతురు ప్రైవేటు హాస్పిటల్లో 13 వేలకి నైట్ డ్యూటీలు చేస్తోంది, పక్కింటి అమ్మాయి ఐర్లాండ్ నుంచి ఫోటోలు పెడుతోంది, ఏ తండ్రికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ భయం మీదే కదా వీళ్ళు వ్యాపారం చేసేది. నగలు మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళారు, ఆ అమ్మాయి ఇప్పుడు ఓఈటీకి చదువుతోంది.

అపోహ: ఇంగ్లీష్ టెస్ట్ లేకుండా యూకేలో నర్సుగా పంపిస్తాం

మన దగ్గర చదివినవాళ్ళకి ఆ షార్ట్‌కట్ చెప్పేవాడిని నమ్మకండి. ఐఈఎల్‌టీఎస్ అయితే 7, రైటింగ్‌లో 6.5, ఓఈటీ అయితే బీ గ్రేడు, రైటింగ్‌లో సీ ప్లస్. తర్వాత సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), అక్కడికెళ్ళాక ఆస్కీ (ప్రాక్టికల్ పరీక్ష). జర్మనీ అయితే నర్సుగా గుర్తింపుకి మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి.

అపోహ: ఒరిజినల్స్ ఏజెంటు దగ్గరో హాస్పిటల్ దగ్గరో పెట్టాలి

అక్కర్లేదు. స్కాన్ కాపీలతోనే వెరిఫికేషన్ మొదలవుతుంది, చూపించాల్సొస్తే మీరే పట్టుకెళ్ళి చూపించి వెనక్కి తెచ్చుకోండి. సర్టిఫికెట్లు పట్టుకుని నర్సుల్ని కట్టిపడేసే బాండ్ పద్ధతి వద్దని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2011లోనే చెప్పింది.

అపోహ: నర్సులు డబ్బాశతో వెళ్ళిపోబట్టే ఇక్కడ రోగులకి దిక్కు లేదు

ఈ మాటంటే మాత్రం నాకు కోపం ఆగదు. సుప్రీంకోర్టు చెప్తే వేసిన కమిటీ 2016లో స్పష్టంగా చెప్పింది, 50 పడకల్లోపు ప్రైవేటు హాస్పిటల్లో కూడా నర్సుకి 20,000 తగ్గకూడదు, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని. మీకు తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే జీతం ఎంతో అడిగి చూడండి. రెగ్యులర్ పోస్టులు నింపకుండా కాంట్రాక్టు మీద లాగుతూ, వెళ్ళిపోయిన అమ్మాయిని అంటే ఎలా?

నష్టం లేదనను. ఐసీయూలో ఐదేళ్ళు చేసిన సిస్టర్ వెళ్తే ఆ ప్లేసులోకి నిన్న పాసైన పిల్ల వస్తుంది, వెంటిలేటర్ అలారం మోగితే తేడా తెలిసేది మంచం మీదున్న పేషెంటుకే. చదివించింది మన డబ్బు, అనుభవం నేర్పింది మన రోగులు, లాభం ఇంకో దేశానికి. అందుకే వేరే దేశాల నుంచి వైద్య సిబ్బందిని ఎలా తీసుకోవాలో చెప్తూ 2010లో డబ్ల్యూహెచ్‌ఓ కోడ్ వచ్చింది. 2023లో వాళ్ళు 55 దేశాల జాబితా ఇచ్చారు, అక్కడి నుంచి నర్సుల్ని లాక్కోవద్దని, చాలావరకు ఆఫ్రికా దేశాలే, ఇండియా అందులో లేదు. ఒకప్పుడు యూకే పెట్టుకున్న ఇలాంటి జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉండేది. ఈ లెక్క ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకోవాలి, ఆ భారం ఇరవై రెండేళ్ళ అమ్మాయి నెత్తిన పెట్టడం అన్యాయం.

ఫైనలియర్ పిల్లలకి, ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో కొట్టి లైసెన్సు ఇంకా నడుస్తోందో లేదో చూశాకే మాట్లాడండి. ఇంకోటి, పాస్‌పోర్టూ టెన్త్ సర్టిఫికెట్టూ కౌన్సిల్ రిజిస్ట్రేషనూ మూడూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు ఒకేలా ఉందేమో చూసుకోండి, ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం ఉండి డేటాఫ్లో దగ్గర ఆగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను, సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.