పెదవి అతుక్కునే వారం

నాలుక కొనను పై పళ్ల వెనుక ఆనించి, అంగిలి మీదుగా మెల్లగా వెనక్కి జరిపి చూడండి. సరిగ్గా నడిమధ్యలో సన్నటి గీత ఒకటి తగులుతుంది. అది అతుకు. మనం తల్లి కడుపులో మూడో నెల పిండంగా ఉన్నప్పుడు కుడి నుంచి ఒక పలక, ఎడమ నుంచి ఒక పలక పెరుగుతూ వచ్చి అక్కడ కలిసిపోయాయి. అంతకు కొద్ది వారాల ముందే పై పెదవి కూడా ఇలాగే తయారైంది. ముక్కు వైపు నుంచి దిగిన భాగం మధ్యలో, చెంపల వైపు నుంచి వచ్చిన భాగాలు దానికి అటూ ఇటూ. ముక్కు కింద ఉండే చిన్న గాడికి రెండు గట్లు ఉంటాయి కదా, ఆ భాగాలు కలిసిన చోట్లు దాదాపుగా అవే. ఆ కలయిక పూర్తికాకపోతే బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుంది. అందుకే చీలిక సాధారణంగా పెదవి నట్టనడుమ కాక ఒక పక్కగా ఉంటుంది. అదీ కుడికన్నా ఎడమవైపే ఎక్కువ.

ఇదేమీ అరుదైన విషయం కాదు. ప్రపంచం మొత్తం మీద 700 నుంచి 1,000 కాన్పులకు ఒక బిడ్డ పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో, రెండింటితోనో పుడుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో ఈ లెక్క వెయ్యి కాన్పులకు 1.09గా తేలింది. పెదవి చీలిక మగపిల్లల్లో ఎక్కువ. అంగిలి ఒక్కటే చీలి ఉండటం ఆడపిల్లల్లో ఎక్కువ. ఆడ పిండాల్లో అంగిలి పలకలు ఒక వారం ఆలస్యంగా మూసుకుంటాయి. ప్రమాదానికి గురయ్యే కాలం అంత పొడవు కావడమే దీనికి కారణమని ఒక వివరణ.

గ్రహణం సంగతి అందరికీ తెలిసిందే. ఆ రోజు గర్భిణిని గది దాటనివ్వరు, కత్తిపీట ముట్టనివ్వరు, కొన్ని ఇళ్లలో ఒళ్లు కదపనివ్వరు కూడా. ఇంత చేసినా బిడ్డ మొర్రితో పుడితే, "ఆ రోజు ఏం చేశావమ్మా?" అని పదిమందీ ఆమెనే నిలదీస్తారు. మెక్సికోలోని ఆజ్‌టెక్‌లకూ అచ్చం ఇలాంటి నమ్మకమే ఉండేది. గ్రహణం రోజు గర్భిణి ఒంటి మీద నల్లటి అగ్నిశిల కత్తి పెట్టుకునేది. ఈ నమ్మకాన్ని తిట్టిపోయడంకన్నా క్యాలెండర్ తీసి చూడటం మేలు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన దేశమంతటా కనిపించింది. ఆ రాత్రి ఏడో నెల గర్భంతో ఉండి, టెన్షన్ పడుతూ కదలకుండా పడుకున్న తల్లి కడుపులో బిడ్డ పెదవి కుదిరి అప్పటికే నెలలు గడిచాయి. గర్భం నిలిచిన ఏడో వారానికల్లా పై పెదవి పని ముగుస్తుంది. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి లెక్కపెడతారు కాబట్టి వాళ్ల లెక్కలో అది తొమ్మిదో వారం. చాలామంది అప్పటికి మొదటి స్కాన్‌కు కూడా వెళ్లి ఉండరు. అంగిలి ఇంకో నాలుగైదు వారాలు తీసుకుంటుంది. ఆ తర్వాత గ్రహణాలు వచ్చినా పోయినా మూసుకున్న పెదవి మళ్లీ చీలదు.

మరి ఆ కొద్ది వారాల్లో ఏం జరుగుతుంది? ఇక్కడి నుంచే అసలు విషయం.

ముఖంలోని ఎముకలు, మృదులాస్థి చాలావరకు ముఖంలో పుట్టినవి కావు. నాలుగో వారం ప్రాంతంలో పిండం వీపు వైపు మెదడు, వెన్నుపాము కోసం ఒక గొట్టం మూసుకుంటుంది. ఆ గొట్టం అంచుల్లో పుట్టిన కొన్ని కణాలు పక్కకణాలతో తెగతెంపులు చేసుకుని ప్రయాణం కడతాయి. వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటారు. తల భాగంలో పుట్టినవి ముందుకు వచ్చి దవడలు, చెంప ఎముకలు, ముక్కు ఎముకలు, చెవి లోపలి బుల్లి ఎముకలు, పళ్లలో పింగాణీ పూత కింద ఉండే గట్టి భాగం, ఇవన్నీ తయారుచేస్తాయి. 1868లో విల్‌హెల్మ్ హిస్ కోడి పిండంలో ఈ కణాల పట్టీని గుర్తించాడు. కానీ అవి ఎక్కడికి పోతాయో కళ్లకు కట్టినట్టు చూపడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

చూపింది ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ లె దువారిన్. కౌజు పిట్ట కణాల కేంద్రకంలో ముద్దకట్టిన పదార్థం ఒకటి ఉంటుందని, రంగు వేస్తే అది ముదురు చుక్కలా తేలుతుందని, కోడి కణాల్లో అలా కనిపించదని ఆమె 1969లో గమనించింది. అంటే రెండింటినీ కలిపేసినా ఏ కణం ఎవరిదో మైక్రోస్కోప్ కింద చెప్పేయొచ్చు. కోడి గుడ్డుకు చిన్న కిటికీ కోసి, పిండంలోని ఆ గొట్టం ముక్క తీసేసి, దాని స్థానంలో కౌజు పిట్ట ముక్క అమర్చారు. పిండం పెరిగాక ముఖం కోసి చూస్తే, ఎముకల నిండా ముదురు చుక్కల కణాలే. ఎంత తెలివైన ప్రయోగమో! ఖరీదైన యంత్రాలు ఏమీ లేవు. ఒక రంగు, ఒక మైక్రోస్కోప్, చెయ్యి వణకని పనితనం, అంతే.

2003లో అమెరికాలో ఇంకో అడుగు వేశారు. బాతు పిండంలో కౌజు పిట్ట న్యూరల్ క్రెస్ట్ కణాలు పెడితే దానికి కౌజు ముక్కు వచ్చింది. కౌజు పిండంలో బాతువి పెడితే బాతు ముక్కు వచ్చింది. ముఖం ఆకారం ఎలా ఉండాలన్న సమాచారాన్ని ఈ కణాలు తమ వెంటే మోసుకొస్తాయన్నమాట.

ప్రయాణం చేసి వచ్చినంత మాత్రాన పని అయిపోదు. వచ్చినవి అతుక్కోవాలి. అదీ సరైన చోట, సరైన వేళకు. ఈ సంగతి ఎంత సున్నితమో ఐఆర్‌ఎఫ్6 అనే జన్యువు చూపించింది. వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ అని ఒకటుంది. మొర్రి ఉన్నవాళ్లలో సుమారు 2 శాతం మంది ఈ కోవలోకి వస్తారు. గుర్తుపట్టడం సులువు. కింది పెదవి మీద, మధ్యకు అటూ ఇటూ చిన్న గుంటలు రెండు ఉంటాయి. కొందరిలో వాటిలోంచి లాలాజలంలాంటి తడి ఊరుతుంటుంది. కుటుంబాల్లో తరాల వెంట వస్తుంది కాబట్టి దీని జన్యువు ఒకటో క్రోమోజోమ్‌లో ఉందని తెలుసు. కానీ ఆ ప్రాంతంలో జన్యువులు బోలెడు. ఏదని పట్టుకోవాలి?

చిక్కుముడి విప్పింది కవలలు. ఒకే అండం నుంచి పుట్టిన ఇద్దరిలో ఒకరికి ఈ లోపం ఉంది, రెండోవారికి లేదు. తల్లిదండ్రులకూ లేదు. అలాంటప్పుడు ఇద్దరి డీఎన్‌ఏనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా ఉన్నచోటే దోషం ఉండాలి. 2002లో జెఫ్ మర్రే, బ్రయన్ షుట్‌ల బృందం సరిగ్గా అదే చేసింది. లోపం ఉన్న కవలలో ఐఆర్‌ఎఫ్6 జన్యువు మధ్యలోనే 'ఇక్కడితో ఆపు' అన్న సంకేతం పడి ఉంది. రెండోవారిలో అది లేదు. తర్వాత వెతికితే ఇదే జన్యువులో రకరకాల మార్పులు పదుల కుటుంబాల్లో బయటపడ్డాయి.

ఈ జన్యువు లేని ఎలుక పిల్లల్ని పుట్టించి చూస్తే ఆశ్చర్యపరిచే సంగతి తెలిసింది. వాటి సమస్య అతుక్కోకపోవడం కాదు, ఎక్కడపడితే అక్కడ అతుక్కోవడం. కాళ్లు ఒంటికి అంటుకుపోయాయి, నోటిలో అంగిలి పలకలు నాలుకకూ దవడకూ అంటుకుని, ఒకదాన్నొకటి చేరలేకపోయాయి. పిండం చర్మం మీద పెరిడెర్మ్ అనే పలుచటి కణాల పొర ఉంటుంది. దోసె పెనం మీద నూనె చేసే పనే అది చేస్తుంది, అంటుకోకూడని చోట అంటుకోనివ్వదు. ఐఆర్‌ఎఫ్6 లేకపోతే ఆ పొర సరిగా ఏర్పడదు. అంగిలి చీలడానికి కారణం వేళకాని వేళ వేరేచోట అతుక్కోవడం కావచ్చని అంతకుముందు ఎంతమంది ఊహించి ఉంటారు?

అంగిలి విషయంలో ఇంకో అడ్డంకి నాలుక. అంగిలి పలకలు మొదట అడ్డంగా ఉండవు, నాలుకకు రెండు పక్కలా కిందికి వేలాడుతుంటాయి. కింది దవడ పెరిగి నాలుక కిందికి దిగాక, అవి పైకి లేచి అడ్డంగా తిరిగి ఒకదానికొకటి ఎదురొస్తాయి. దవడ చిన్నదైతే నాలుకకు దిగే చోటు ఉండదు, పలకలకు లేచే దారి ఉండదు. పియర్ రాబిన్ సీక్వెన్స్ అనే లోపంలో జరిగేది ఇదే. అలా పుట్టిన బిడ్డకు నాలుక వెనక్కి పడి ఊపిరాడటమే కష్టమవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇందుకు కారణం సాక్స్9 అనే జన్యువుకు పది లక్షల అక్షరాలకు పైగా దూరంలో దొరికింది. జన్యువు బాగానే ఉంది, దాన్ని దవడ కణాల్లో ఆన్ చేయాల్సిన స్విచ్ పోయింది. స్టాన్‌ఫోర్డ్‌లో జొవానా వైసోకా బృందం మనిషి మూలకణాల నుంచి న్యూరల్ క్రెస్ట్ కణాల్ని ల్యాబ్‌లోనే పెంచి, ఆ స్విచ్‌లు ఎలా పనిచేస్తాయో 2020లో చూపించింది. నాలుగైదు వారాల మానవ పిండంలోకి తొంగిచూడలేం కాబట్టి, ఈ గిన్నెల్లో పెరిగిన కణాలే ఇప్పుడు పరిశోధకులకు పెద్ద ఆధారం.

మామూలు మొర్రిలో మాత్రం ఇంత స్పష్టత ఆశించకూడదు. ఒకే జన్యువు, ఒకే దోషం అన్న లెక్క అక్కడ కుదరదు. జన్యుపటంలో నలభైకి పైగా చోట్లు దీనితో ముడిపడి ఉన్నాయి. ఒక్కొక్కటి ప్రమాదాన్ని కొంచెం కొంచెం పెంచుతుంది. తల్లి పొగతాగడం, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటి మందులు దానికి తోడవుతాయి. (ఈ ముక్క చదివి ఎవరూ ఫిట్స్ మందులు సొంతంగా ఆపేయకండి. అది ఇంకా ప్రమాదం. గర్భం కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాలి.) ఫోలిక్ యాసిడ్ వెన్నుపాము లోపాల్ని బాగా తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగిన ట్రయల్ నిరూపించింది. మొర్రి విషయంలో రుజువులు అంత గట్టిగా లేవు. అయినా ఎలాగూ వేసుకోవాల్సిన మాత్రే, గర్భం నిలవకముందు నుంచే మొదలుపెట్టాలి.

మందుతో ఆపగలమా అంటే, ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్‌లో ఒకసారి ఆశ మెరిసింది. సుమారు 50,000 మందిలో ఒకరికి వచ్చే లోపం ఇది. చెంప ఎముకలు, కింది దవడ, చెవులు సరిగా ఏర్పడవు. తెలివితేటలకు మాత్రం సాధారణంగా ఏ లోటూ ఉండదు. 1996లో దొరికిన దీని జన్యువు కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములకు అవసరం. అది సగమే పనిచేస్తే, శరవేగంతో విభజన చెందాల్సిన న్యూరల్ క్రెస్ట్ కణాలు తట్టుకోలేవు. పీ53 అనే కాపలా ప్రోటీన్ మేలుకుని వాటిని చంపేస్తుంది. పాల్ ట్రెయినర్ బృందం 2008లో ఎలుకల్లో పీ53ని అడ్డుకుంటే పిల్లలు మామూలు ముఖాలతో పుట్టాయి. కానీ క్యాన్సర్‌ను అడ్డుకునేదీ ఆ పీ53నే. దాన్ని గర్భిణిలో ఎవరు ఆపుతారు? పైగా మందు పడాల్సింది నాలుగో వారంలో. ఈ లోపంతో పుట్టేవాళ్లలో సగానికి పైగా కుటుంబంలో అంతకుముందు ఎవరికీ లేనివాళ్లే. ఎవరికి ఇవ్వాలో ముందే తెలిసేది ఎలా? నా మట్టుకు, ఈ పరిశోధనల వల్ల రాబోయే ఇరవై ఏళ్లలో దక్కేది మందుకన్నా ముందు సరైన సలహానే.

ఆ సలహా ఇప్పుడే కొంత దొరుకుతోంది. కుటుంబంలో ఇంకెవరికీ లేకుండా ఒక బిడ్డ మొర్రితో పుడితే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు. అదే తల్లి లేదా తండ్రి కింది పెదవి మీద వాన్ డర్ వూడ్ గుంటలుంటే, ఆ జన్యు లోపం బిడ్డకు సంక్రమించే అవకాశం నూటికి యాభై. రెండు అంకెల మధ్య ఎంత తేడానో చూడండి. అందుకే అనుభవమున్న డాక్టరు బిడ్డనే కాదు, అమ్మానాన్నల పెదవుల్నీ చూస్తారు. కడుపులో బిడ్డ అవయవాల్ని వివరంగా చూసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలావరకు కనబడుతుంది, అంగిలి ఒక్కటే చీలి ఉంటే తరచు తప్పిపోతుంది.

పైకి అసలు కనబడని రకం ఇంకొకటుంది. అంగిలి మీద పొర మూసుకునే ఉంటుంది, లోపలి కండరాలు మాత్రం కలిసి ఉండవు. కొండనాలుక రెండుగా చీలి ఉండటం దానికి ఒక గుర్తు. ఇది గమనించకుండా ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ తీసేస్తే, అప్పటిదాకా ఆ సందును పూడుస్తున్న కండ పోయి, మాట ముక్కుతో రావడం మొదలవుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పుట్టింది వేరే సందర్భంలో కావచ్చు గానీ, ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. పిల్లలకు ఆ ఆపరేషన్ చేయించేముందు నోరు తెరిపించి కొండనాలుక చూడమని అడగడంలో తప్పులేదు.

పెదవి ఆపరేషన్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలిది తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మొర్రి కూడా ఉంది, చికిత్స ఉచితం. అంగన్‌వాడీకి వచ్చే ఆ పథకం టీమ్‌ను గానీ, జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రాన్ని గానీ అడగొచ్చు.