తెల్లవారుజామున మూడు గంటల కరెంటు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్టు మీద తెల్లవారుజామున నిలబడితే వినపడేది ఒకటే చప్పుడు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల రెక్కలు నీళ్లను కొట్టే చప్పుడు. కాపలా మనిషి ఆ చప్పుడులోనే నిద్రపోతాడు. అది ఆగిందంటే ఎవరూ లేపకుండానే లేచి కూర్చుంటాడు. పగలంతా ఎండకు నీళ్లలో తేలే సూక్ష్మజీవాలైన ప్లాంక్టన్ ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకాక ఆ ప్లాంక్టనూ, రొయ్యలూ, అడుగున పేరుకున్న మడ్డీ కలిసి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందుకే డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోయేది సూర్యోదయానికి ముందు గంటల్లోనే. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి వచ్చిందంటే రైతుకు టెన్షన్ మొదలు. ఇంకా పడితే రొయ్యలు పైకి తేలి గట్టువారకు చేరతాయి. ఆ సమయంలో కరెంటు పోతే టార్చిలైటు పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. నెలల పెట్టుబడి ఆ కాసేపట్లో చేయి జారిపోవచ్చు.

సోలార్ పలకలకు మధ్యాహ్నం పన్నెండు గంటలకు మంచి ఎండ. గుంటకు కరెంటు కావాల్సింది తెల్లవారుజామున మూడింటికి. స్మార్ట్ గ్రిడ్ అనీ, హైడ్రోజన్ నిల్వ అనీ పేపర్లలో రోజూ చదువుతున్న మాటలన్నీ ఆ పదిహేను గంటల ఎడాన్ని పూడ్చే ప్రయత్నాలే. ఆ ఎడం ఈ మధ్య పుట్టింది కాదు. మన జిల్లాల్లో ఇన్నాళ్లూ దాన్ని ఎవరు మోశారో చెప్పుకోకుండా ఈ కొత్త పరిశోధనల విలువ తెలియదు.

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1960లలో నెల్లూరులో వచ్చిన థర్మల్ స్టేషన్ సామర్థ్యం 30 మెగావాట్లు. ఇప్పుడు ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్టే 800 మెగావాట్లు. మొదటి రెండూ 2015లో, మూడోది 2023లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. అంటే పాత స్టేషన్ లాంటివి ఎనభై ఒకే చోట పెట్టినట్టు. పక్కనే ప్రైవేటు ప్లాంట్లు వేరే ఉన్నాయి. కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు కూడా రావాల్సింది. 2007లో రిలయన్స్ పవర్‌కు దక్కిన ఆ ప్రాజెక్టు, 2011లో ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధనలు మార్చడంతో ఆగిపోయింది. ఎక్కడో జకార్తాలో రాసిన ఒక ఉత్తర్వుకు కృష్ణపట్నంలో పని నిలిచిపోయింది. దిగుమతి బొగ్గు మీద ఆధారపడితే ఏమవుతుందో మన తీరానికి అప్పుడే తెలిసింది.

బొగ్గు యూనిట్‌కు ఇంకో గుణం ఉంది. బాయిలర్ రాజేశాక దాన్ని మోటారు స్విచ్‌లా ఆపలేం, వేయలేం. మామూలుగా సామర్థ్యంలో 55 శాతం కంటే కిందికి దించడమూ కష్టమే. గ్రిడ్‌లో ఏ క్షణాన ఎంత వాడకం ఉంటే ఆ క్షణాన అంతే ఉత్పత్తి ఉండాలి, సెకనుకు తరంగాల లెక్క, అంటే ఫ్రీక్వెన్సీ, 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. రాత్రి ఊళ్లు నిద్రపోయాక వాడకం తగ్గుతుంది, బాయిలర్లు మాత్రం మండుతూనే ఉంటాయి. మరి ఆ కరెంటు ఎటు పోవాలి?

పొలానికి పోయింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. చాలా ఏళ్లు అది రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా, కొంత పగలు, కొంత అర్ధరాత్రి. మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి "అన్నా, మన ఫీడర్ ఎన్నింటికి?" అని అడగని రైతు ఉండడు. చీకట్లో గట్ల మీద నడుస్తూ పాము కాటుకు, స్టార్టర్ డబ్బా దగ్గర తడి చేత్తో షాక్‌కు పోయినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. నా ఉద్దేశంలో ఇది ఎవరూ లెక్క రాయని ఖర్చు. గ్రిడ్‌కు బ్యాటరీ లేని రోజుల్లో రైతు నిద్రే బ్యాటరీగా పనిచేసింది.

రైతు దానికి తన మార్గం తాను వెతుక్కున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచేలా ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకున్నాడు. అందరూ అదే పెట్టుకునేసరికి, త్రీఫేజ్ వచ్చిన క్షణంలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు, మామూలుగా తిరిగేటప్పటికంటే చాలా రెట్లు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, కొత్తది వచ్చేదాకా పైరు ఎండుతుంది. తర్వాత సిమ్ కార్డు పెట్టిన మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. ఇంట్లో మంచం మీద నుంచే ఫోన్ కొట్టి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. స్మార్ట్ గ్రిడ్ అంటే ఏమిటని అడిగితే నేను ముందు దీన్నే చూపిస్తాను. వంద మోటార్లు ఒకేసారి లేవకుండా, ఒకదాని తర్వాత ఒకటి లేచేలా లైనూ మోటారూ మాట్లాడుకోగలిగితే అదే స్మార్ట్ గ్రిడ్.

పెద్ద లైన్లలో ఈ మాటలు నేర్పింది ఒక భారతీయుడే. అరుణ్ ఫడ్కే 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో తన బృందంతో ఫేజర్ కొలిచే పరికరం మొదటి నమూనా చేశారు. దూరదూరంగా ఉన్న సబ్‌స్టేషన్లలో విద్యుత్ తరంగం ఏ స్థితిలో ఉందో, ఉపగ్రహ గడియారంతో కాలం కలిపి, సెకనుకు చాలాసార్లు చెబుతుందది. మన దేశానికి దాని అవసరం గట్టిగా తెలిసింది 2012 జూలై 30, 31 తేదీల్లో. ఆ రెండు రోజుల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. మనం తప్పించుకున్నాం, ఎందుకంటే దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు. అలా కలవకపోవడం వల్లే అవతల మిగులు కరెంటు ఉన్నా మనకు చాలినంత తెచ్చుకోలేకపోయాం. ఆ ఏళ్లలో ఇక్కడ పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

ఊరి స్థాయిలో మాత్రం స్మార్ట్ గ్రిడ్ అంటే జనానికి తెలిసింది మీటరే. 2020లో శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే పని మొదలైంది. 2021లో విద్యుత్ పంపిణీ సంస్థల సంస్కరణకు కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంతో స్మార్ట్ మీటర్లు అన్ని రాష్ట్రాల అజెండాలోకి వచ్చాయి. మీటరు వచ్చిందంటే వెనకే బిల్లు వస్తుందని రైతు భయం. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపు మీద జరిగిన ఆందోళన, హైదరాబాద్ బషీర్‌బాగ్ కాల్పులు గుర్తున్న తరం ఇంకా పొలాల్లో ఉంది. వాళ్ల భయాన్ని తెలియనితనం అనడం తప్పు. మీటరు సమాచారం ముందు రైతుకు చేరాలి, తన ఫీడర్‌లో వోల్టేజీ ఎప్పుడు పడుతోందో, కరెంటు ఎన్ని నిమిషాలు పోయిందో అతని ఫోన్‌లో కనపడాలి. ఏ ఊళ్లోనైనా నమ్మకం పెరగాలంటే మొదలు అక్కడే.

ఇక హైడ్రోజన్. కరెంటుతో నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టవచ్చని 1800లోనే తెలిసింది. వాటిని మళ్లీ కలిపి కరెంటు తీయొచ్చని విలియం గ్రోవ్ 1839లో చూపించాడు. గాలిమరల కరెంటు మిగిలినప్పుడు హైడ్రోజన్ చేసి, ద్రవంగా మార్చి, భూమిలో దాచి, గాలి లేని రోజున వాడుకోవాలని 1923లో కేంబ్రిడ్జిలో చెప్పింది బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తర్వాత మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ హాల్డేనే. మన దగ్గర కూడా 1960ల మొదట్లో పంజాబ్‌లోని నంగల్‌లో, భాక్రా జలవిద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఎరువులు చేశారు. తర్వాత ఎరువుల పరిశ్రమ నాఫ్తా, సహజవాయువుల వైపు వెళ్లింది. 2023 జనవరి 4న కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన, సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో హైడ్రోజన్ తీసే గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆ దారిని మళ్లీ తెరుస్తోంది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం.

నెల్లూరు వాళ్లకు హైడ్రోజన్ పొరుగుదే. 2022లో జిల్లాలు విడదీసేదాకా శ్రీహరికోట మన జిల్లాలోదే. 2001 ఏప్రిల్ 18న మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచినప్పటి నుంచీ దాని ఇంధనంగా అక్కడ ద్రవ హైడ్రోజన్‌ను నిల్వ చేస్తున్నారు. మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవమయ్యే పదార్థమది. గోడల మధ్య గాలి లేకుండా చేసిన ట్యాంకుల్లో పెట్టినా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. 2010 ఏప్రిల్‌లో ఈ అతి చల్లని ఇంధనంతో నడిచే మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో చేసిన తొలి ప్రయోగం విఫలమైంది, ఇంధనాన్ని తోసే బూస్టర్ పంపు ఆగిపోయింది. 2014 జనవరి 5న గెలిచాం. హైడ్రోజన్‌తో పని ఎంత ఓపిక కోరుతుందో ఆ నాలుగేళ్లు చెబుతాయి.

మరి ఈ హైడ్రోజన్ రొయ్యల గుంటకు పనికొస్తుందా? లెక్క వేసి చూద్దాం. ఒక గుంటలో రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు అనుకుంటే దాదాపు ఆరు కిలోవాట్లు. రాత్రి పది గంటలకు అరవై యూనిట్లు. కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్ల పైనే కావాలి, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లో తిరిగి వచ్చేది పదిహేడు యూనిట్ల దాకా. అంటే మూడున్నర కిలోల హైడ్రోజన్ కావాలి, దాన్ని చేయడానికి పగలు 180 యూనిట్లు ఖర్చు. మామూలు ఒత్తిడిలో ఆ మూడున్నర కిలోలు నిలవాలంటే నలభై ఘనమీటర్ల చోటు, ఓ పెద్ద గదంత. 350 రెట్ల ఒత్తిడికి కుదిస్తే 150 లీటర్ల సిలిండర్‌లో పడుతుంది, కుదించడానికి మళ్లీ కరెంటు. అదే పని బ్యాటరీతో చేస్తే డెబ్బై యూనిట్లతో అయిపోతుంది. ఒక్క రాత్రి నిల్వకు బ్యాటరీయే మేలు, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

హైడ్రోజన్ చోటు వేరు. వారాలు, నెలల నిల్వకూ, బొగ్గు, గ్యాస్ లేకుండా జరగని పరిశ్రమలకూ అది కావాలి. కొడవలూరు మండలం రాచర్లపాడులో ఎరువుల ఫ్యాక్టరీకని ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో భూములు తీసుకుంది, ఆ ఫ్యాక్టరీ రాలేదు, కిసాన్ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది. యూరియాకు మూలం అమ్మోనియా, అమ్మోనియాకు మూలం హైడ్రోజన్. రామాయపట్నం దగ్గర చమురు సంస్థ బీపీసీఎల్ రిఫైనరీ ప్రతిపాదన ఉంది, రిఫైనరీలో సల్ఫర్ తీయడానికి హైడ్రోజన్ తప్పదు. హైడ్రోజన్ అవసరం ఉన్నచోటే తయారైతే మోసే బాధ తగ్గుతుంది. కానీ కిలోకు కనీసం తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. బోర్లలోకి ఉప్పునీరు ఎక్కుతున్న తీర గ్రామాల్లో ఆ నీళ్లు ఎక్కడివని ముందే అడగాలి. సముద్రపు నీటిని శుద్ధి చేసుకునేవాళ్లకే అనుమతి ఇవ్వాలని నేను కోరుకుంటాను.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్ చివరి దశలో ఇస్రో ఒక చిన్న ఫ్యూయల్ సెల్ పెట్టి పంపింది. వెంట తీసుకెళ్లిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి అది కక్ష్యలో 180 వాట్లు ఇచ్చింది, మిగిలింది నీళ్లు. గుంట మీద రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ ఒక్కటి తిరగడానికి 1,500 వాట్లు కావాలి.