ఫ్యూజు పోలేదు కదా అనుకుంటే

మా పెంకుటింట్లో టేకు బద్దల మీద పరిచిన వైర్లకు యాభై ఏళ్లు దాటాయి. గీజర్ పెట్టిద్దామని బోర్డు విప్పించాం. వేలు తగలగానే వైరు మీది రబ్బరు ఎండిన మట్టిపెళ్లలా రాలిపోయింది. ఇన్నాళ్లూ ఫ్యూజు పోలేదు కదా అని నిశ్చింతగా ఉన్నాం.

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ వదులై అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. ఆ ఒక్క చోటే సుమారు 36 వాట్ల వేడి పుడుతుంది. రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! అంతకు మించిన వేడి మన చెక్క బోర్డు లోపల. అయినా కరెంటు హద్దు దాటలేదు కాబట్టి ఫ్యూజు బదులు వాడే ఆటోమేటిక్ స్విచ్, అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ, కదలదు, నీళ్లూ మామూలుగానే కాగుతాయి. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ స్క్రూ ఇంకాస్త వదులవుతుంది. అల్యూమినియం తీగలైతే మరీ కష్టం: రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తాయి, పైన పట్టే ఆక్సైడ్ పొర కరెంటును పోనివ్వదు. ప్లగ్గు పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ, బోర్డు దగ్గర చేపల కంపు లాంటి వాసన వస్తే ఆ రోజే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

మనిషికి షాక్ తగిలినప్పుడూ ఎంసీబీ ఆదుకోదు. తడి చేతుల మనిషి గుండా పోయేది వంద, రెండు వందల మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు, ఎంసీబీకి మాత్రం లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని చూస్తూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సరఫరా కోసేస్తుంది.

పాత ఇళ్లలో ఇది బిగించగానే ట్రిప్ అవుతుంటుంది. "ఊరికే పడిపోతోంది సార్, తీసేద్దాం" అంటారు ఎలక్ట్రీషియన్లు. దయచేసి ఒప్పుకోకండి. గోడ చెమ్మలోకి కరెంటు కారుతుండవచ్చు. వైరు తొడుగు పటుత్వం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో లైనూ పరీక్షించమనండి. మా ఇంట్లో అలా కారుతూ దొరికింది వంటింటి లైను.