బొంబాయి మిల్లుల సమ్మె, 1929 చట్టం: అపోహలు - వాస్తవాలు

కార్మికుల కేసులు వాదించడం నా వృత్తి. రాజీ చర్చలకు లేబర్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతిసారీ నాకు 1928 నాటి బొంబాయి గుర్తొస్తుంది. మేం వాడే పద్ధతులు చాలావరకు ఆ ఏటి మిల్లుల సమ్మెలోంచి, దాని వెంట వచ్చిన 1929 కార్మిక వివాదాల చట్టంలోంచి పుట్టాయి. వాటి గురించి జూనియర్లు, యూనియన్ మిత్రులు పొరపాటుగా అనుకునే సంగతులు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆ సమ్మె కమ్యూనిస్టులు రెచ్చగొడితే వచ్చింది.

వాస్తవం: రెండు మగ్గాలు నడిపే నేత కార్మికుణ్ణి యజమానులు మూడు నడపమన్నారు. పని పోతుందన్న టెన్షన్, కూలి తగ్గుతుందన్న భయం ముందు వచ్చాయి, జెండాలు తర్వాత వచ్చాయి. దాదాపు లక్షన్నర మంది ఆరు నెలలు మిల్లు గడప తొక్కలేదు. సమ్మె కమిటీలో కమ్యూనిస్టు నాయకుడు డాంగేతో పాటు మితవాది ఎన్.ఎం. జోషీ కూడా ఉన్నారు.

అపోహ: బ్రిటిష్ ప్రభుత్వానికి లాఠీ తప్ప ఇంకేమీ తెలీదు.

వాస్తవం: తెలుసు, బాగా తెలుసు. 1928 అక్టోబర్‌లో చార్లెస్ ఫాసెట్ అధ్యక్షతన విచారణ కమిటీ వేస్తామన్న ఒప్పందంతోనే సమ్మె ఆగింది. కూలి రేట్లు, కొత్త పని పద్ధతులు ఆ కమిటీ ముందుకు వెళ్లాయి. 1929 మార్చి 20న మాత్రం మీరట్ కుట్ర కేసులో, అంటే బ్రిటిష్ పాలనను కూలదోసే కుట్ర పన్నారన్న కేసులో, 31 మందిని అరెస్టు చేశారు. డాంగే, మిరాజ్‌కర్, జోగ్లేకర్ లాంటి మిల్లు యూనియన్ నాయకులూ అందులో ఉన్నారు. కేసు బొంబాయిలో నడిస్తే జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) ఉండేది, మీరట్‌లో లేదు. కూలి తగాదాను రాజకీయం నుంచి వేరు చేస్తే చల్లబడుతుందని సర్కారు లెక్క. నా దృష్టిలో ఆ లెక్కే తప్పు. కార్మికులు నమ్మిన మనుషులు జైల్లో ఉంటే చర్చలకు కూర్చునేదెవరు? ఏప్రిల్ 26న మళ్లీ సమ్మె మొదలైంది. ఈసారి ప్రభుత్వం వేసిన పియర్సన్ విచారణ కోర్టు (వివాదం కారణాలు తేల్చే సంఘం) తప్పు యూనియన్‌దేనంది.

అపోహ: భగత్ సింగ్ బాంబుతో కార్మిక వివాదాల బిల్లు ఆగిపోయింది.

వాస్తవం: 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబు పడేసరికే ఆ బిల్లు అక్కడ పాసైంది; అదే 1929 చట్టం అయింది. సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ అడ్డుకున్నది విదేశీ కమ్యూనిస్టులను దేశం నుంచి పంపేయడానికి తెచ్చిన ప్రజా భద్రతా బిల్లును. దాన్ని తర్వాత వైస్రాయ్ ఆర్డినెన్స్‌గా తెచ్చాడు.

అపోహ: 1929 చట్టం సమ్మెలన్నిటినీ నిషేధించింది.

వాస్తవం: లేదు. విచారణ కోర్టు, రాజీ బోర్డు పెట్టింది. వాటి మాట వినితీరాలన్న నియమం లేదు. ప్రజోపయోగ సేవల్లో (రైల్వే, తపాలా, నీటి సరఫరా లాంటివి) సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అడిగింది. అసలు ముల్లు వేరే చోట ఉంది: జనాన్ని తీవ్ర ఇబ్బంది పెట్టి ప్రభుత్వాన్ని లొంగదీసే ఉద్దేశంతో, సొంత వివాదాన్ని దాటి చేసే సమ్మె చట్టవిరుద్ధం. తోటి కార్మికులకు మద్దతుగా పని ఆపినవాళ్ల మెడకు చుట్టుకునే నిబంధన ఇది.

అపోహ: స్వాతంత్ర్యంతో అదంతా పోయింది.

వాస్తవం: రాజీ బోర్డు, విచారణ కోర్టు, 14 రోజుల నోటీసు 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోకి వచ్చాయి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ నోటీసును ప్రజోపయోగ సేవలకే కాకుండా పరిశ్రమలన్నిటికీ వర్తింపజేసింది.