బీరువాలెన్ని, బల్లలెన్ని?

ఒక వర్క్‌షాపులో రెండే వస్తువులు చేస్తారు: బీరువాలు, బల్లలు. ఏ డబ్బులో లెక్కేసుకున్నా సరే, ఒక్కో బీరువా మీద మిగిలేది 9, బల్ల మీద 5. ఈ అంకెలు వినగానే చాలామంది "అయితే బీరువాలే చేయండి" అంటారు. ఆ సలహా వింటే నష్టపోతాం. ఎందుకో తేలాలంటే ముందు సమస్యను సరిగ్గా రాసుకోవాలి. ఉన్న పరిమితుల్లో ఎక్కువ లాభమిచ్చే దారి వెతికే ఇలాంటి లెక్కను లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. అందులో అసలు కష్టమంతా ఆ రాసుకోవడంలోనే ఉందని నా నమ్మకం. జవాబు కంప్యూటర్ క్షణంలో ఇచ్చేస్తుంది.

మన చేతిలో ఉన్న నిర్ణయం ఏమిటన్నది మొదట తేల్చుకోవాలి. వారంలో చేసే బీరువాల సంఖ్య 'క', బల్లల సంఖ్య 'చ' అనుకుందాం. 'క అంటే బీరువాలు' అని ముక్తసరిగా రాసి ఊరుకోవద్దు. 'వారంలో', 'సంఖ్య' అన్న మాటలు లేకపోతే కాసేపటికి గంటల్నీ వస్తువుల్నీ కలిపి కూడేస్తాం. పెంచాల్సిన లాభం 9క + 5చ.

ఇక అడ్డంకులు. బీరువాకు వడ్రంగం పని 6 గంటలు, పాలిష్ 2 గంటలు పడుతుంది. బల్లకు వడ్రంగం 2, పాలిష్ 2. వారానికి దొరికేది వడ్రంగానికి 120 గంటలు, పాలిష్‌కు 80. అంటే:

6క + 2చ ≤ 120
2క + 2చ ≤ 80

క, చ సున్నాకు తగ్గకూడదన్న షరతు కూడా రాయాలి. మనకు అది చెప్పకుండానే తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు.

మాటల్ని షరతులుగా మార్చేటప్పుడు బాగా చదువుకున్నవాళ్లు కూడా ఒకచోట బోల్తా పడతారు. "బీరువాలకు కనీసం రెట్టింపు బల్లలు ఉండాలి" అంటే చెయ్యి తనంతట తానే 2చ ≥ క అని రాసేస్తుంది. అంకెలు పెట్టి చూడండి: 10 బీరువాలకు 5 బల్లలు చాలంటోంది! సరైనది చ ≥ 2క. షరతు రాసిన ప్రతిసారీ ఇలా ఒక అంకె పెట్టి చూస్తే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

గ్రాఫ్ గీస్తే ఈ షరతులన్నిటికీ లోబడిన చోటు ఒక బహుభుజిలా కనిపిస్తుంది. గరిష్ఠ లాభం దాని మూలల్లో ఒకచోట తప్పక ఉంటుంది. రెట్టింపు షరతు లేదనుకుంటే, బీరువాలే చేస్తే 20 వస్తాయి, లాభం 180. బల్లలే చేస్తే 40, లాభం 200. రెండు గీతలు కలిసే మూలలో 10 బీరువాలు, 30 బల్లలు, లాభం 240. రెట్టింపు షరతు పెట్టినా ఈ జవాబు మారదు.

సోవియట్ గణితవేత్త లియొనీద్ కాంటొరోవిచ్ ఇలాంటి లెక్కల మీద 1939లో పుస్తకం వెలువరించాడు. ఆయన్ను ఇందులోకి దింపింది ఒక ప్లైవుడ్ సంస్థ అడిగిన ప్రశ్నే: ఏ యంత్రానికి ఏ చెక్క ఇవ్వాలి? మూల నుంచి మూలకు నడిచే సింప్లెక్స్ పద్ధతిని అమెరికన్ గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ 1947లో తయారుచేశాడు. వస్తువులు వందల్లో ఉన్నప్పుడు గ్రాఫ్ పనికిరాదు, అది కావాలి.

ఇంతకీ ఆ 9, 5 ఎలా వచ్చాయి? అద్దె, నెల జీతాలు ఎన్ని వస్తువులు చేసినా మారవు. అందుకే వాటిని ఒక్కో బీరువా మీద పంచకూడదు. అమ్మకం ధరలోంచి చెక్క, మేకులు, పాలిష్ సామాను లాంటి ఖర్చులే తీసేయాలి. ఇక్కడ పొరపాటు చేస్తే మిగతా లెక్కంతా ఒప్పుగా ఉన్నా జవాబు తప్పుతుంది.

ఇప్పుడు వారానికి 8 గంటల ఓవర్‌టైమ్ ఇవ్వాలంటే ఎవరికివ్వాలి? వడ్రంగులకిస్తే 12 బీరువాలు, 28 బల్లలు, లాభం 248. పాలిష్ వాళ్లకిస్తే 8 బీరువాలు, 36 బల్లలు, లాభం 252. ఎక్కువ లాభమిచ్చే బీరువాలు తగ్గాయి, మొత్తం లాభం మాత్రం పెరిగింది! 8 గంటలకు పెరిగిన లాభం పాలిష్‌లో 12, వడ్రంగంలో 8; అంటే అదనపు పాలిష్ గంట విలువ 1.5, వడ్రంగం గంట విలువ 1. ఓవర్‌టైమ్ కూలి పాలిష్ గంటకు 1.5 లోపు ఉంటేనే ఒప్పుకోవాలి.